ఓట్లు ఎక్కువ, చదివింది తక్కువ: బ్లాగు పురస్కారాల వెనక కథ

పదిహేను మంది బ్లాగులు రాసుకునే చిన్న బృందమైనా సరే, 'ఈ ఏడాది మంచి టపా (బ్లాగులో రాసిన వ్యాసం) ఏది?' అన్న ప్రశ్న రాగానే మాటా మాటా పెరుగుతుంది. ఈ పేచీ దాదాపు బ్లాగులంత పాతది.

1999 ఆగస్టులో 'బ్లాగర్' అనే వెబ్ సేవ మొదలయ్యాక కోడింగ్ రానివాళ్లూ రాయడం మొదలుపెట్టారు. అప్పట్లో గుర్తింపంటే, తోటి బ్లాగరు తన పేజీ పక్కన పెట్టుకునే లింకుల వరసలో మన పేరు కనబడడమే. 2001లో నికొలాయ్ నోలన్ 'బ్లాగీస్' పురస్కారాలు ప్రారంభించాడు. ఉత్తమ బ్లాగుకు నగదు ఏ సంవత్సరమైతే అన్ని సెంట్లుగా ఉండేది: 2009లో 20 డాలర్ల 9 సెంట్లు. బహుమతి సరదాకే గానీ, తర్వాత్తర్వాత కుదురుకున్న పద్ధతి మాత్రం తెలివైనది. పేర్లు ఎవరైనా సూచించేవారు. సూచించినవాళ్లలో చీటీ తీసినట్టు ఎంచిన కొందరు తుది జాబితా తేల్చేవారు. ఆపైన అందరూ ఓటేసేవారు. నడిమి మెట్టు ఎందుకో 2003 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ గురించి రాసే క్లే షిర్కీ ప్రచురించిన వ్యాసం చదివితే తెలుస్తుంది. ఆయన చూసిన 433 బ్లాగుల్లో మొదటి పన్నెండింటికే ఇతరులు ఇచ్చిన లింకుల్లో 20 శాతం, మొదటి 50కి సగం. నేరుగా ఓటింగ్ పెడితే తేలేది ఎవరికి పాఠకులెక్కువన్నదే, ఏ టపా బాగుందన్నది కాదు. 24 గంటలకో ఓటు వేయనిచ్చిన పోటీలు ఇంకా చెడ్డవి. అక్కడ గెలిచేది ఓపిక, కాకపోతే తనంతట తానే ఓట్లేసే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము).

2004లో జర్మనీ ప్రసార సంస్థ డాయిషె వెల్లె మొదలుపెట్టిన 'బాబ్స్' బ్లాగు పోటీ న్యాయనిర్ణేతల బహుమతినీ పాఠకుల బహుమతినీ విడదీసింది. రెండిటినీ కలిపి సగటు తీయడం కన్నా ఇదే నయం. ఎవరి తీర్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

జట్టు కట్టి ఓట్లేయడమనే అసలు చిక్కును విప్పింది మాత్రం బ్లాగర్లు కాదు, సైన్స్ ఫిక్షన్ అభిమానులు. వాళ్ల హ్యూగో పురస్కారాలు 1953 నాటివి. 2015లో కొందరు కూడబలుక్కుని ఒకే జాబితాను నామినేట్ చేశారు. చాలా విభాగాల్లో తుది జాబితాలు వాళ్లవే అయ్యాయి. విసిగిన ఓటర్లు 5 విభాగాల్లో 'ఎవరికీ వద్దు' అన్నదాన్నే గెలిపించారు. ఒకే జాబితా అలా ఎలా నెగ్గిందో, బ్లాగు పోటీ అనుకుని ఊహకొక లెక్క వేసుకుందాం. 240 మందిలో 40 మంది అవే 5 టపాలు రాస్తే ఒక్కోదానికి 40 పేర్లు పడతాయి. మిగతా 200 మంది ఎవరికి నచ్చింది వాళ్లు రాయగా ఏ టపాకూ 15 దాటకపోవచ్చు. ఆరో వంతు జనం తుది జాబితాలోని ఐదు స్థానాలూ ఎగరేసుకుపోతారు.

2017 నుంచి హ్యూగో లెక్కింపు మారింది. ప్రతి ఓటరుకూ ఒక్క పాయింటే, అది అతను రాసిన పేర్లకు సమంగా పంచబడుతుంది. ఐదు రాస్తే ఒక్కోదానికి 0.2. పాయింట్లు అడుగున ఉన్న రెండిటిని పోల్చి, తక్కువ మంది సూచించినదాన్ని తీసేస్తారు. దాని వాటా ఆ ఓటరు రాసిన మిగతా పేర్లకు చేరుతుంది. మళ్లీ లెక్క. దాంతో జట్టు కట్టినవాళ్ల టపాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి, చివరికి ఒకటో రెండో మిగులుతాయి. స్ప్రెడ్‌షీట్‌లో చేయదగ్గ పనే.

పాతిక మంది బృందానికి ఇంత లెక్క అక్కర్లేదు. కావలసింది సూచించేటప్పుడు బ్లాగు పేరు కాక, ఫలానా టపా లింకు అడగడం. అదీ నెలనెలా. ఏడాది చివర ఒక్కసారే అడిగితే నవంబరు, డిసెంబరు టపాలే గుర్తొస్తాయి, ఫిబ్రవరిలో వచ్చినది ఎవరికీ తట్టదు. పేర్లు తీసేసి ముగ్గురితో చదివించడం మంచిదే. కానీ చిన్న బృందంలో శైలిని బట్టే ఎవరిదో పట్టేస్తారు, కాబట్టి తమదో దగ్గరివాళ్లదో వస్తే ఆ పాఠకుడు తప్పుకోవాలి. మార్కులు వద్దు, వరసక్రమం చాలు. ఒకరు పదికి 8తో మొదలుపెడితే మరొకరు 5 దాటరు, మొత్తం కూడితే ధారాళంగా ఇచ్చినవాళ్ల మాటే చెల్లుతుంది. ముగ్గురూ అన్నీ చదవాలి, పంచుకుని చదవకూడదు.

విభాగాలు పెంచుకుంటూ పోవడం ఇంకో జాడ్యం. కనీసం ఐదు టపాలు రాని విభాగాన్ని పక్కదానిలో కలిపేయడమే మేలు. రెండే ఉన్నచోట ఓడిన ఆ ఒక్కరూ అందరి కంట్లో పడతారు.