పదో తరగతి ఎక్కడికీ పోలేదు: చదువుల మెట్లపై అపోహలు - వాస్తవాలు

ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. పాఠాలు పిల్లలకైనా, సందేహాలు ఎక్కువగా వచ్చేది వాళ్ల అమ్మానాన్నల నుంచే.

అపోహ: కొత్త విధానం వచ్చింది కాబట్టి పదో తరగతి పరీక్షలు ఉండవు.

ఈ వాట్సాప్ కబురు ఎన్నిసార్లు పోయినా మళ్లీ వస్తుంది. 2020 జులై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం 10+2 స్థానంలో 5+3+3+4 అంది. మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి దాకా మొదటి అయిదేళ్లు. తర్వాత 3-5, 6-8, 9-12 తరగతులు. అంతే, మెట్లను వేరే విధంగా లెక్కపెట్టారు. 10, 12 తరగతుల బోర్డు పరీక్షలు కొనసాగుతాయని అందులోనే ఉంది. పైగా 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల అంశాల్లో చేరింది. ఢిల్లీలో విధానం రాసినంత మాత్రాన మన ఊళ్లో బడి గంట మారదు.

అపోహ: అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు.

అంగన్‌వాడీలు నడిచేది 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద. దాని సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒకటి, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. మా బడి గోడ పక్కనే ఒక కేంద్రం ఉంది. మొన్న తొంగి చూస్తే నలుగురు పిల్లలు చింతగింజలను, గవ్వలను వేరుచేసి కుప్పలు పోస్తున్నారు. ఎవరి కుప్ప పెద్దదని ఇద్దరు తగువుకు దిగారు. లెక్కలు మొదలైనట్టే! ఆ వయసులో పలకలు నింపించే నర్సరీ కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

అపోహ: విద్యాహక్కు చట్టం పది దాకా వర్తిస్తుంది.

కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టం 6-14 ఏళ్ల వారికి, ఎనిమిదో తరగతి వరకే.

అపోహ: పాలిటెక్నిక్‌లో చేరితే ఇంజినీరింగ్ దారి మూసుకున్నట్టే.

డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

అపోహ: డిగ్రీ పట్టా కళాశాల ఇస్తుంది.

1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం పట్టా ఇచ్చే అధికారం చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ (విశ్వవిద్యాలయ హోదా పొందిన) సంస్థలకు, పార్లమెంటు అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. స్వయంప్రతిపత్తి కళాశాల పరీక్షలు తానే పెట్టుకున్నా పట్టా మాత్రం విశ్వవిద్యాలయానిదే. ఆ మధ్య ఒక తండ్రి ఏదో కళాశాల వాళ్ల రంగురంగుల ప్రచార పుస్తకం తెచ్చి, "ఇందులో చేర్పించమంటారా సార్?" అని అడిగారు. కళ్లజోడు పెట్టుకుని ఇద్దరమూ వెతికాం. పన్నెండు పేజీల్లో ఈతకొలను బొమ్మ రెండుసార్లు కనిపించింది. విశ్వవిద్యాలయం పేరు ఎక్కడా లేదు.