ఇనుము: పిల్లల బుర్రల్లోకి మనమే ఎక్కించిన అపోహలు

చిన్న తరగతులకు సైన్సు చెబుతాను. ఇనుము గురించి పిల్లలు చెప్పే తప్పులు చాలావరకు పెద్దవాళ్ల నోట విన్నవే.

అపోహ: లోహమైతే అయస్కాంతానికి అంటుకోవాల్సిందే.

వాస్తవం: మామూలు అయస్కాంతం లాగేది ఇనుము, నికెల్, కోబాల్ట్, ఇవి కలిసిన కొన్ని మిశ్రమాలనే. ఇది నోటితో చెబితే ఎక్కదు. పళ్లెంలో మేకు, రాగి తీగ, అల్యూమినియం రేకు, స్టీలు చెంచాలు పెట్టి, ఏవి అంటుకుంటాయో ముందు పిల్లలతోనే చెప్పించండి. చెంచాల దగ్గర గొడవ మొదలవుతుంది. ఒకటి అంటుకుంటుంది, ఇంకొకటి జారిపోతుంది. రెండింట్లోనూ ఎక్కువ ఉన్నది ఇనుమే. కానీ నికెల్ తగినంత కలిస్తే లోపల పరమాణువుల అమరిక మారి, ఆ స్టీలు అయస్కాంతాన్ని పట్టించుకోదు. ఐదేళ్లవాళ్లకు "స్నేహితులు కలిసేసరికి ఇనుము అలవాటు మారింది" అంటే చాలు.

అయస్కాంతం మాత్రం పిల్లల నోట్లో పట్టనంత పెద్దదే ఇవ్వండి. చిన్నవి రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో నొక్కిపట్టి ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: తుప్పు ఇనుమును తినేస్తుంది.

వాస్తవం: తినేదేమీ లేదు. నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే ఇనుము ఇంకో పదార్థంగా మారుతుంది. పొడి రాలకుండా తూచితే బరువు పెరుగుతుంది కూడా! మూడు సీసాలు తీసుకోండి: ఒకదాంట్లో పొడి గాలి, ఒకదాంట్లో మరిగించి చల్లార్చి పైన నూనె పోసిన నీళ్లు, ఒకదాంట్లో మామూలు నీళ్లు. తలా ఒక మేకు వేసి వారం ఆగండి. మూడోదే ఎర్రబడుతుంది. అంగారకుడి ఎరుపు కూడా ఇనుప ఆక్సైడ్లదే అని అప్పుడు చెబితే కళ్లు విప్పార్చుకుని వింటారు.

అపోహ: ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుంది.

వాస్తవం: మట్టిలో, పేడలో ఉండే బాక్టీరియా వల్ల వస్తుంది. తుప్పు లేని ముల్లు గుచ్చుకున్నా రావచ్చు. టీకా అందుకే.

అపోహ: రక్తంలో ఇనుముంది కాబట్టి అయస్కాంతం మనల్నీ లాగుతుంది.

వాస్తవం: పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3-4 గ్రాములే. అదీ ముక్కలుగా ఉండదు, ఎక్కువ భాగం హిమోగ్లోబిన్‌లో ఒదిగి ఉంటుంది.

ఇక్కడ ఎవరో ఒకరు అడిగి తీరతారు: "మరి నేను తుప్పు పడతానా?" నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే. హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను పట్టుకుని, ఒళ్లంతా తిరుగుతూ అవసరమైన చోట వదిలేస్తుంది. తుప్పులోని ఇనుము అలా వదలదు.