డిమెన్షియా, రక్తనాళాలు: కొట్టిపారేసిన కారణం మళ్ళీ ముందుకు

ముసలితనంలో మతి తప్పడానికి (డిమెన్షియాకు) మెదడు ధమనులు గట్టిపడటమే కారణమని వైద్యులు చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం అంత గట్టిగా నిలవడానికి ఒక వింత కారణం ఉంది.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ పరీక్షించిన రోగికి అప్పటికి 51 ఏళ్ళు. భర్త పేరు అడిగితే ఆమె తన పేరే చెప్పింది. ఆమె మరణించాక మెదడులో కనిపించిన మచ్చలు, చిక్కుపడిన పోగుల గురించే లోకం చెప్పుకుంది. పెద్ద రక్తనాళాలు గట్టిపడ్డాయని కూడా ఆయన 1907 నాటి వ్యాసంలో రాశారు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1910లో జర్మన్ మానసిక వైద్యుడు క్రెపెలిన్ ఈ జబ్బుకు ఆల్జైమర్ పేరు పెట్టారు. అయితే అది నడివయసువారికి వచ్చే అరుదైన జబ్బుగానే చలామణీ అయింది. దాంతో వృద్ధుల మతిమరుపు ధమనుల ఖాతాలోకి వెళ్ళిపోయింది.

1960ల చివర్లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు వృద్ధుల మెదళ్ళలోనూ అవే మచ్చలు చూపించడంతో లెక్క తిరగబడింది. 1974లో నాడీవైద్యుడు హచిన్స్కీ బృందం మరో మాట చెప్పింది: ధమనులు గట్టిపడి మెదడు మెల్లగా ఎండిపోవడం కాదు, చిన్నచిన్న పక్షవాతాలు (రక్తం అందక మెదడులో కొంత భాగం చచ్చిపోవడం) ఒకదానిపై ఒకటి చేరి మతిని దెబ్బతీస్తాయని. మాట సరైనదే. కానీ ఆ తర్వాత ఆల్జైమర్ ఒక గదిలో, రక్తనాళాల జబ్బు ఇంకో గదిలో అన్నట్టు విడదీసి చూడటం అలవాటైపోయింది. నా ఉద్దేశంలో అసలు నష్టం అక్కడే జరిగింది.

ఆ గోడకు బీట పెట్టింది అమెరికాలోని క్రైస్తవ సన్యాసినులు. మరణానంతరం వారు దానం చేసిన మెదళ్ళను పరిశీలించి, 1997లో పరిశోధకుడు స్నోడన్ బృందం ఫలితాలు ప్రకటించింది. ఆల్జైమర్ మచ్చలున్నవారిలోనే, మెదడు లోతుల్లో చిన్న పక్షవాతాలు కూడా ఉన్నవారికి డిమెన్షియా చాలా ఎక్కువగా వచ్చింది. రెండూ కలిస్తే దెబ్బ పెద్దదని తేలింది.

గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళమైన బృహద్ధమని సాగే గుణం కోల్పోతే, గుండె కొట్టే ప్రతి దెబ్బ తగ్గకుండా మెదడులోని సన్నని నాళాలను తాకుతుంది. రక్తపోటు అదుపు ఇక్కడే పనికొస్తుంది. 1998లో వెలువడిన యూరప్ మందుల పరీక్షలో రక్తపోటు మందు తీసుకున్న వృద్ధులలో కొత్త డిమెన్షియా కేసులు సగానికి తగ్గాయి. 2019లో వెలువడిన అమెరికా పరీక్షలో పై రక్తపోటును 120 కన్నా కిందికి తెస్తే స్వల్ప జ్ఞాపకలోపం 19 శాతం తగ్గింది. డిమెన్షియా విషయంలో మాత్రం తేడా రూఢి కాలేదు. పరీక్షను ముందే ఆపేయడం అందుకు కొంత కారణం.

ఆ లోటును 2025లో చైనా పల్లెలు తీర్చాయి. 326 గ్రామాల్లో, రక్తపోటు అదుపులో లేని దాదాపు 34,000 మందిపై ఆ పరీక్ష జరిగింది. గ్రామ వైద్యులే మందులు సరిచూసి రక్తపోటును అదుపులోకి తెచ్చిన ఊళ్ళలో, నాలుగేళ్ళలో డిమెన్షియా 15 శాతం తక్కువగా వచ్చింది.