ఏడవని బిడ్డకు ఆరు గంటల గడువు

కాన్పులో బొడ్డుతాడు నొక్కుకుపోయినా, మాయ ముందే విడిపోయినా బిడ్డ మెదడుకు ఆక్సిజన్ అందదు. పుట్టగానే ఏడవదు. అయితే మెదడుకు జరిగే నష్టమంతా అప్పటికప్పుడే జరిగిపోదు.

1980ల్లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆస్మండ్ రేనాల్డ్స్ బృందం ఇలాంటి పసికందుల మెదడులో శక్తినిచ్చే ఫాస్ఫేట్లను స్కానర్‌తో కొలిచింది. మొదటి గంటల్లో అవి దాదాపు మామూలుగానే ఉండి, ఒకటి రెండు రోజుల్లో పడిపోయాయి. ఊపిరి అందాక కణాలు కోలుకున్నట్టే కోలుకుంటాయి, తర్వాత కణాలకు శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చేతులెత్తేస్తాయి. రెండు వానల మధ్య తెరిపి లాంటి ఆ కొద్ది గంటల్లోనే ఏమైనా చేయగలం.

కాబట్టి ఆరు గంటల్లోపే గుర్తించాలి. కష్టమంతా అక్కడే. పుట్టగానే ఊపిరి, గుండె చప్పుడు, రంగు, కదలికలు చూసి వేసే ఆప్గార్ మార్కులు ఒక్కటే చాలవు. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ 7 కన్నా తగ్గిందా (అంటే రక్తంలో ఆమ్లం బాగా పెరిగిందా), చెయ్యి ఎత్తి వదిలితే పట్టు లేకుండా వాలిపోతోందా, నోట్లో వేలు పెడితే చీకుతోందా అని చూస్తారు. పసివాళ్లకు వచ్చే ఫిట్స్ కూడా మనం అనుకునేలా ఉండవు. పెదాలు చప్పరిస్తారు, సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తారు, చూపు ఒకచోటే నిలిపేస్తారు. పాపం, ఆకలేసిందేమో అనుకుంటాం! కొందరిలో ఆమాత్రం కూడా కనిపించదు, మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ గీతల్లోనే బయటపడుతుంది.

చికిత్స ఏమిటో చెబితే మన అమ్మమ్మలు ఒప్పుకోరు. వెచ్చగా చుట్టాల్సిన బిడ్డను చల్లబరుస్తారు. వార్మర్ ఆపేసి, చల్లని పరుపు మీద పడుకోబెట్టి, ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 72 గంటలు ఉంచుతారు. ఆ తర్వాత గంటకు అర డిగ్రీకి మించకుండా మెల్లగా వేడెక్కిస్తారు. ధనిక దేశాల్లో జరిగిన ట్రయల్స్ ప్రకారం, సుమారు ఏడుగురిని చల్లబరిస్తే ఒకరు చావు నుంచో తీవ్ర వైకల్యం నుంచో తప్పించుకుంటారు.

మన దగ్గర లెక్క తిరగబడింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది శిశువులపై జరిగిన హెలిక్స్ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, చల్లబరచని వాళ్లలో 31 శాతం చనిపోయారు. ఇక్కడి బిడ్డల్లో చాలామందికి ఆక్సిజన్ కొరత ఒక్కసారిగా కాక, నొప్పుల సమయమంతా కొద్దికొద్దిగా ఏర్పడుతుందని, పుట్టేసరికే సమయం మించిపోతుందని ఒక అనుమానం. అదే నిజమైతే, నా మటుకు నేను కూలింగ్ మెషీన్ల కన్నా ముందు, నొప్పుల గదిలో అరగంటకోసారైనా బిడ్డ గుండె చప్పుడు వినే నర్సుల జీతాలకు, పుట్టిన నిమిషంలోపే బ్యాగ్-మాస్క్‌తో ఊపిరి అందించే శిక్షణకు డబ్బు కేటాయించమంటాను.