దసరా వేపుడు గురించి పిల్లలకు

దేవరకొండ

చిరంజీవులైన పిల్లలకు మీ తాత ఆశీర్వదించి వ్రాయునది.

దసరాకు వచ్చి వెళ్లిన తరువాత మీ గదిలో మీరే మాంసం వండుకుంటే అది తెల్లగా, నీళ్లు నీళ్లుగా వచ్చిందనీ, నాయనమ్మ చేసినట్లు ఎర్రగా ఎందుకు వేగలేదనీ అడిగారు. ఫోనులో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం వ్రాస్తున్నాను.

మాంసం మెత్తబడడం వేరు, ఎర్రబడడం వేరు. యాట భుజంలోనూ తొడలోనూ ఉండే గట్టి పీచును కొల్లాజెన్ అంటారు. అది తడి వేడిలో నిదానంగా కరిగి జెలటిన్‌గా మారితేనే ముక్క ఎముకను వదులుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది గనుక ఆ పని తొందరగా అవుతుంది. మా అమ్మ కందికట్టె మంట మీద దాదాపు రెండు గంటలు ఉడికించేది.

ఎర్రబడడానికి మాత్రం నీరు పోవాలి. మాంసంలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగునూ, ఇల్లంతా వ్యాపించే ఆ వాసననూ పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో లూయీ కామీ మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. అది చురుకుగా సాగాలంటే సుమారు 140 డిగ్రీల వేడి కావాలి, కాని కడాయిలో నీరు ఉన్నంతసేపు ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు. మీరు కిలో మాంసాన్ని చిన్న గిన్నెలో ఒక్కసారే కుమ్మరించి మూత పెట్టి ఉంటారు, అది తన నీటిలో తానే ఉడికింది. నాయనమ్మ మూత తీసి, నీరంతా ఇంకి నూనె పైకి తేలేదాకా ఓపికగా కలుపుతుంది. ధనియాల పొడి, ఎండుకొబ్బరి ఆ తరువాతే వేస్తుంది, ముందే వేస్తే మాడుతాయి.

కార్జం సంగతి వేరు. అందులో ఆ గట్టి పీచు తక్కువ కాబట్టి ఎక్కువసేపు ఉంచితే తోలులా బిగుసుకుంటుంది. మా చిన్నతనంలో పొత్తుకు యాటను కోసి పోగులు వేస్తుండగానే, పిల్లలం కార్జం ముక్కను పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చుకుని, ఉప్పు అద్దుకుని తినేవాళ్లం.

2025లో దసరా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. మాంసం దుకాణాలు ఉండవని ముందురోజే తెచ్చి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాం. ఉప్పు మొదట ముక్కలోని నీటిని బయటికి లాగినా, గంటలు గడిచేకొద్దీ ఆ నీటితోనే మళ్లీ లోపలికి ఇంకుతుంది. జమ్మికి పోయి వచ్చి జొన్నరొట్టెతో తిన్నప్పుడు మీరందరూ ఈసారి బాగా కుదిరిందన్నది అందుకే, నాయనమ్మ ఒప్పుకోకపోయినా సరే.

కడాయి అడుగున అంటుకున్న ఎర్రటి మసాలాలో వేడి అన్నం వేసి కలిపితే వేపుడు కంటె రుచిగా ఉంటుంది. ఆనాడు మీరు చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లినప్పుడు దానిని నేనే తినేశాను.

ఇట్లు,
మీ తాత