ఎండకు బండి ట్యాంకు పేలుతుందా?

ఎండలు ముదిరితే వాట్సాప్‌లో ఒక హెచ్చరిక తిరగడం మొదలవుతుంది. ట్యాంకు నిండా పెట్రోల్ పోయించొద్దు, వేడికి పేలిపోతుంది, సగమే పోయించండి అని. ఇది నిజం కాదని ఇండియన్ ఆయిల్ సంస్థ ప్రకటన ఇచ్చినా చాలామందికి టెన్షన్ పోలేదు. కింద ఇంజన్ కాగుతుంటే పైన పది లీటర్ల పెట్రోల్ పెట్టుకుని వెళ్తున్నాం కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేం.

పెట్రోల్ దానంతట అది అంటుకోవాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటాలి. రెంటచింతలలో 46 డిగ్రీల ఎండ కాసినా, ట్యాంకు మీద చెయ్యి పెట్టలేకపోయినా, ఆ వేడి అందులో మూడో వంతు కూడా ఉండదు. మరి నిప్పురవ్వ తగిలితే? మండేది పెట్రోల్ ఆవిరి. అదీ గాలిలో దాదాపు 1.4 నుంచి 7.6 శాతం వరకు ఉన్నప్పుడే మండుతుంది. మూత వేసిన ట్యాంకులో వేసవి వేడికి ఆవిరి అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, మండడానికి చాలినంత ఆక్సిజన్ ఉండదు. ట్యాంకు సగమే నింపినా ఈ లెక్క మారదు.

వేడికి పెట్రోల్ ఉబ్బే మాట నిజమే. 10 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుకే కంపెనీ చెప్పిన మట్టం పైన కొంత ఖాళీ వదులుతారు. మూత అంచుదాకా పోయిస్తే ఆ ఖాళీ పోతుంది, పెరిగిన పెట్రోల్ బయటికి కారుతుంది. కాలుష్యం తగ్గించే బీఎస్ 6 ప్రమాణాలతో వచ్చిన బళ్లలోనైతే ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

అసలు ప్రమాదం ట్యాంకు బయటే ఉంది. ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి కిందికి, అంటే ఇంజన్ వైపే దిగుతుంది. ఏళ్ల తరబడి ఇంజన్ సెగ తగిలి పెట్రోల్ పైపు గట్టిపడి చీలుతుంది, క్లిప్పు వదులవుతుంది. కాలే సైలెన్సర్ మీద పడిన చుక్క చాలాసార్లు ఆవిరైపోతుంది, అంటుకోదు. కానీ పక్కనే తొడుగు చిరిగిన ప్లగ్ వైరు ఉంటే ఒక్క రవ్వ చాలు. సర్వీసింగ్‌లో ఆయిల్ మార్పించడం ఎవరూ మర్చిపోరు, తక్కువ ఖర్చుతో అయిపోయే ఈ పైపును మాత్రం ఎవరూ అడగరు. నాకు అదే బాధ.

నడుపుతుంటే పెట్రోల్ వాసన ఘాటుగా వస్తే పక్కకు తీసి ఇంజన్ ఆపండి, ట్యాంకు కింద పెట్రోల్ ఆపే మీట (పెట్రోల్ కాక్) ఉంటే కట్టేయండి. మళ్లీ సెల్ఫ్ కొట్టి చూడొద్దు. మెకానిక్ దగ్గరికి తోసుకునే వెళ్లండి.