గేట్లు మూసి ఉన్నప్పుడు వచ్చిన రూలు

నెల్లూరులో మళ్ళీ స్కూలు టిఫిన్ డబ్బాల గొడవ మొదలైంది. మా వీధి పిల్లలు వెళ్ళే ఒక ప్రైవేటు స్కూలు, అందరి బరువూ చూసి కార్డుల్లో రాసి పంపింది. వెనకాలే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టింది. పిల్లలు లావవుతున్నారు, డబ్బాలో చిప్స్, కేకులు, చాక్లెట్లు పెట్టొద్దు, తిండి అలవాట్ల బాధ్యత ఇంటిదే అని. పది నిమిషాల్లో గ్రూపు భగ్గుమంది. "సాయంత్రం ఆరింటిదాకా మీ కాడే ఉంచుకుంటా ఉండారు, ఆటల పీరియడ్ ఎత్తేశారు, లావెక్కితే తప్పు మాదా?" అని ఒకామె నిలదీసింది. ఇక అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి లేకుండా గ్రూపుకి తాళం పడింది. ఒంగోలులో ఉండే మా చెల్లెలు, అక్కడా ఇదే వరస అంటూ స్క్రీన్‌షాట్ పంపింది.

జంక్ ఫుడ్ అంటే ఏంటో, చిన్నప్పుడే ఒళ్ళొస్తే షుగరూ బీపీ ఎంత తొందరగా తలుపు తడతాయో ఈపాటికి అందరూ రాసేశారు. అది వదిలేద్దాం. గొడవ ఇప్పుడు తిండి గురించి కాదు, తప్పెవరిదన్న దాని గురించి. దానికి మూలం 2020, 2021ల్లో ఉంది.

2020 సెప్టెంబరు 4న ఫుడ్ సేఫ్టీ అథారిటీ బడి పిల్లల తిండి మీద నిబంధనలు తెచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తినుబండారాలు స్కూలు క్యాంటీన్‌లో గానీ, హాస్టల్ వంటింట్లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. ఆ మేరలో వాటి ప్రచారమూ పనికిరాదు. నిజానికి అప్పటికే ఆ గీత వెనకున్న కేసుకు పదేళ్ళ వయసుంది. 2010లో ఢిల్లీ హైకోర్టులో వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో అడిగింది 500 గజాలు. 2015లో కోర్టు తీర్పిచ్చి, నిబంధనలు తయారు చేయమనేటప్పటికే అది 50 మీటర్లకు కుదించుకుపోయింది. మా వీధి స్కూలు గేటు దగ్గర్నుంచి నేను అడుగులేసి చూశాను. బజ్జీల బండి, ఐస్ బండి, చిల్లర బంకు, మూడూ ఆ గీత లోపలే ఉన్నాయి. గీత దాటాక బేకరీ ఉంది.

అసలు చిత్రం తేదీల్లో ఉంది. రూలు వచ్చిన సెప్టెంబరులో మన రాష్ట్రంలో ఏ బడిలోనూ పాఠాలు మొదలు కాలేదు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టారు. మధ్యలో కొన్ని నెలలు తెరిచి, సెకండ్ వేవ్ రాగానే మళ్ళీ మూసేశారు. రూలు అమల్లోకి వచ్చింది 2021 జులై 1న. బడి గంట మళ్ళీ మోగింది ఆగస్టు 16న. అంటే పుట్టినప్పుడూ గేట్లు మూసే ఉన్నాయి, అమలైన రోజూ మూసే ఉన్నాయి. గేటు ముందు బండ్లూ లేవు, చూసి ఆపేవాళ్ళూ లేరు. ఇలాంటి రూలొకటి ఉందని నేను అడిగిన తల్లుల్లో ఒక్కరికీ తెలియదు.

ఆ ఏడాదిన్నర పిల్లలు ఇళ్ళలో ఏం చేశారన్నదే నా దృష్టిలో ఈ కథకు కీలకం.

నెల్లూరులోనే వేదాయపాళెంలో ఉండే ఒకామె చెప్పింది. భర్తది మందుల కంపెనీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. లాక్‌డౌన్‌కి ముందు ప్యాకెట్ అనేది వాళ్ళింట్లో వస్తువు కాదు, సందర్భం. సాయంత్రం వాళ్ళ నాన్న వస్తూ ఏదో ఒక పొట్లం తెచ్చేవాడు, వారానికి ఒకటో రెండో. ఒక్కోసారి మలై కాజా, ఒక్కోసారి చిప్స్. లాక్‌డౌన్‌లో అంగళ్ళు పొద్దున కొద్ది గంటలే తెరిచేవాళ్ళు. రోజూ బయటికి పోలేక, అంగట్లో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్లు దండకు దండే కొనుక్కొచ్చి వంటింటి గూట్లో మేకుకి తగిలించారు. ఆన్‌లైన్ క్లాసులకని పెద్దోడికి ఫోను కొన్నారు. క్లాసు జరుగుతుంటే వాడు లేచి వెళ్ళిపోకుండా ఉండడానికి ఈమే ఒక ప్యాకెట్ చించి పక్కన పెట్టేది. "గమ్మున కూర్చుంటాడు గదా అని పెట్టినా సార్. రెండు నెలలకి, ప్యాకెట్ లేందే క్లాసులో కూర్చోనన్నాడు" అంది. బడి తెరిచాక మేకు అలాగే ఉంది, దండ మారుతూ ఉంది. యూనిఫామ్ ప్యాంటు మాత్రం రెండు సైజులు పెద్దది కొనాల్సి వచ్చింది.

ఇంతవరకు తప్పు తనదేనని ఆమె ఒప్పుకుంటుంది. కానీ అక్కడితో ఆపడం న్యాయం కాదంటుంది, నాకూ అలాగే అనిపించింది. ఎందుకంటే బడి తెరిచాక వచ్చిన సామాన్ల లిస్టులో లంచ్ బాక్స్ పక్కన స్నాక్స్ బాక్స్ అని ఇంకోటి చేరింది. పోయిన చదువు పూడ్చాలని స్టడీ అవర్స్ పెంచారు. కార్పొరేట్ చదువులు పురుడు పోసుకున్న ఊళ్ళలో నెల్లూరొకటి కాబట్టి ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాలుగున్నరకు ఇంటికొచ్చి, ఏదో ఇంత తిని వీధిలోకి పరిగెత్తాల్సిన పిల్లోడు, బెంచీ మీదే కూర్చుని డబ్బా తెరుస్తాడు. ఆ డబ్బా తల్లి కట్టింది పొద్దున ఏడింటికి. ఉడకబెట్టిన శనగలు పెడితే మన ఎండలకి సాయంత్రానికి జిగురొస్తాయి. కోసిన పండు నల్లబడుతుంది. పునుగులు మెత్తబడి నూనె ఓడుతాయి. తొమ్మిది గంటలైనా పాడవనిది, మూత తీయగానే కరకరలాడేది ప్యాకెట్ ఒక్కటే. వేరుశనగ ఉండలు పెట్టొచ్చు కదా అంటే, పెట్టొచ్చు. వారానికి ఒకరోజు పెడతానంది.

స్కూళ్ళ వాదన కూడా ఉంది. క్యాంటీన్లు ఎత్తేశామని, డబ్బా కట్టేది ఇంట్లోనేనని, గేటు బయట బండిని తీయించే అధికారం తమకు లేదని అంటారు. మొదటి రెండూ చాలాచోట్ల నిజమే. గేటు బయటి సంగతి చూడాల్సింది రాష్ట్ర ఫుడ్ సేఫ్టీ వాళ్ళు, మున్సిపాలిటీ.

ఇక్కడ ఒక సంగతి గుర్తొస్తుంది. సారా అంగడిని ఊళ్ళోంచి తరిమిన జిల్లా ఇది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు లేస్తే, మరుసటి ఏడు అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అప్పుడు అంగడి ఎక్కడుందో అందరికీ తెలుసు, దాని ముందుకెళ్ళి నిలబడ్డారు. ఇప్పుడు నిలబడాలంటే సొంత వంటింటి గూటి ముందు నిలబడాలి.

ఇంట్లో అవ్వాతాతల సంగతి వేరు. ఉదయగిరి మెట్టలోనో, ప్రకాశం పడమటి పల్లెల్లోనో పెరిగిన తరానికి సజ్జ సంగటి, జొన్న సంగటి, వరిగ అన్నం తెలుసు, అవి కూడా దొరకని రోజులూ తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే చాలా ఇళ్ళలో రోజూ తెల్లన్నం కంచంలోకి వచ్చింది. వాళ్ళ లెక్కలో సన్నగా ఉండటమంటే లేకపోవడం. మనవడు 'ఒళ్ళు చేశాడు' అంటే దిష్టి తీసేంత మెచ్చుకోలు. వద్దన్నా ఇంకో ముద్ద పెడతారు, దాని మీద ఇంత నెయ్యి. డాక్టరు లావన్నాడని కోడలు చెబితే, పిల్లోడి తిండి మీద పడి ఏడుస్తున్నాడంటారు.

పైగా కంటితో చూస్తే తెలిసే లెక్క కాదిది. కార్డులో రాసిన కిలోలు ఒక్కటే ఏమీ చెప్పవు. ఎత్తు, వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, అన్నీ కలిపి గ్రాఫ్ మీద చూడాలి. మన పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులున్నాయి. పెద్దవాళ్ళ లెక్కలో బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23కి సరిపోయే గీత దాటితే అధిక బరువు, 27కి సరిపోయే గీత దాటితే ఊబకాయం. మన వాళ్ళకి అదే బరువులో కొవ్వు శాతం ఎక్కువ, అందుకే గీతలు కిందికి ఉంటాయి. మొన్న స్కూలు పంపిన కార్డులో ఎత్తు గడి ఉంది, అందులో ఏమీ రాయలేదు.

దేశం మొత్తం మీద ఐదేళ్ళ లోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవాళ్ళు 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 2.1 శాతం, 2019-21 సర్వేలో 3.4 శాతం. చిన్న అంకెలే, కానీ అవి బడి మెట్టెక్కకముందు పిల్లలవి. స్కూళ్ళ వాదనకు బలమిచ్చే అంకె ఏదైనా ఉంటే ఇదే.

సర్కారు బళ్ళలో కథ ఇంకో దారిన నడిచింది. 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టారు. గుడ్డు, చిక్కీ అంతకుముందే ఉన్నాయి. అవ్వలు వదిలించుకున్న రాగులు మున్సిపల్ స్కూలు పిల్లాడి గ్లాసులోకి వచ్చాయి. ఫీజు కట్టే స్కూలు పిల్లాడి డబ్బాలో నూడుల్స్ ఉన్నాయి.

2025 మే నెలలో సీబీఎస్ఈ తన స్కూళ్ళన్నిట్లో, ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ళ పిల్లలు రోజూ తినే కేలరీల్లో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళలో 15 శాతం చక్కెర నుంచే వస్తోందని, ఉండాల్సింది 5 శాతమని ఆ సర్క్యులర్‌లో ఉంది. బోర్డులు పెట్టి, ఫొటోలు తీసి జులై 15లోగా అప్‌లోడ్ చేయమన్నారు. ఫొటోలు బాగా వచ్చాయి. ఆ తర్వాత నూనె బోర్డులన్నారు. అదే ఏడు సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్స్, మిక్చర్ లాంటి వాటి మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. కూల్‌డ్రింకులను మాత్రం 40 శాతం శ్లాబులో ఉంచారు. బోర్డు మీద తల్లికి బుద్ధి చెప్పిన ఏడాదే ప్యాకెట్ చవకైంది. ఇక ప్యాకెట్ ముందువైపు, లోపలి చక్కెర, ఉప్పు, కొవ్వులను బట్టి నక్షత్రాల రేటింగు వేయించే పనికి 2022లో ముసాయిదా వేశారు. ఆ ముందువైపు లేబుల్ సంగతి తేల్చడానికి 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడు నెలలు గడువు పెట్టింది. ఆ గడువు దాటాక పొడిగింపులు వచ్చాయి.

వేదాయపాళెం ఆమె మేకు పీకేసింది. దండ ఇప్పుడు బీరువాలో ఉందట, పిల్లోడికి తాళంచెవి ఎక్కడుందో తెలుసట. నిన్న సాయంత్రం గ్రూపుకి వేసిన తాళం తీశారు. తిండి మీద పెట్టిన మెసేజ్ కింద కొత్తగా ఇంకో మెసేజ్ వచ్చింది. వచ్చే వారం నుంచి శనివారాలు కూడా ఆరింటి వరకు స్టడీ అవర్, స్నాక్స్ బాక్స్ తప్పనిసరిగా పంపగలరు.